ఒక కంప్యూటరు, దూరాన అనేక తెరలు

నెల్లూరు సీమకు దక్షిణాన, ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు పులికాట్ సరస్సు ఉండగా, ఆ రెండింటి నడుమ సన్నగా పొడుగ్గా శ్రీహరికోట దీవి ఉన్నది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్టును ఎగురవేయడంతో ఇక్కడి రాకెట్ కేంద్రం పని ప్రారంభమైనది. 2002లో ఈ కేంద్రానికి ఆచార్య సతీష్ ధవన్ పేరు పెట్టారు. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ దీవి 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాకు చేరినది.

రాకెట్టు లేచే రోజున తీరం వెంబడి జనం చూపు ఆకాశం మీద ఉంటుంది. కేంద్రంలో పనిచేసేవారి చూపు మాత్రం తమ ఎదుట ఉన్న తెరల మీద ఉంటుంది. ఏలయనగా, నిప్పులు కక్కుతూ లేచిన రాకెట్టు కొద్ది నిమిషాలలోనే కంటికి ఆనని దూరం పోతుంది. మబ్బు పట్టిన దినాన ఆ కొద్ది నిమిషాలు కూడ దక్కవు. అటు తరువాత దాని ఎత్తు, వేగం, దిశ, ఇంజను లోపలి పీడనం తెర మీద అంకెలుగా, గీతలుగా కనిపించవలసినవే. రాడార్లు ఒకచోట, రాకెట్టు పంపే రేడియో సంకేతాలను అందుకొనే ఏంటెన్నాలు ఇంకొకచోట, లెక్కలు కట్టే కంప్యూటర్లు వేరొకచోట ఉంటాయి. చూసి నిర్ణయించేవారు మరొక గదిలో ఉంటారు. వారు ఒకరిద్దరు కారు. ఒక్కొక్కరి పని వేరు, ఒక్కొక్కరి తెర వేరు.

కంప్యూటరు పక్కనే తీగతో తగిలించిన తెర అందరూ ఎరిగినదే. అది కాక, దూరాన ఉన్న తెరలకు అదే కంప్యూటరు ఫలితాలను నెట్‌వర్కు ద్వారా ఎట్లా అందిస్తారు? అందులో ఆలస్యం ఎక్కడ కలుగుతుంది? ఆ ఆలస్యం వల్ల వచ్చే చిక్కేమిటి? ఈ ప్రశ్నలను విచారించడానికి శ్రీహరికోట తీరం మంచి ఉదాహరణ.

పదహారు సెకండ్లు

2010 డిసెంబరు 25వ తేదీన జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్06 అనే రాకెట్టు జీశాట్-5పి ఉపగ్రహాన్ని మోసుకొని శ్రీహరికోట నుంచి లేచినది. 47.5 సెకండ్ల వరకు అంతా సవ్యంగా నడిచినది. 47.8వ సెకండు వద్ద కీడు మొదలైనది. రాకెట్టు పైభాగాన ఉన్న కంప్యూటరు నుంచి, అడుగున పక్కలకు అమర్చిన నాలుగు ఇంజన్లకు ఆజ్ఞలు కొనిపోయే తీగల కనెక్టర్లు కొన్ని నడుమ ఊడిపోయినవి. ఆజ్ఞలు చేరని ఇంజన్లు రాకెట్టును అదుపులో ఉంచలేకపోయినవి. దిశ తప్పిన రాకెట్టు 53.8వ సెకండు వద్ద విరిగిపోయినది. 64వ సెకండు వద్ద, భద్రతా నియమాల ప్రకారం, దానిని ధ్వంసం చేసే ఆజ్ఞను భూమి మీద నుంచి పంపారు.

కీడు మొదలైన క్షణం నుంచి ఆఖరి ఆజ్ఞ వరకు గడచినది సుమారు 16 సెకండ్లు మాత్రమే. ఇటువంటి ఆజ్ఞ ఇవ్వవలసిన భద్రతాధికారి ముందు ఒక ముఖ్యమైన బొమ్మ ఉంటుంది. ఈ క్షణంలో ఇంజన్లు ఆగిపోతే రాకెట్టు ముక్కలు ఎక్కడ పడతాయో ఆ చోటును కంప్యూటరు ఎడతెగక లెక్కకట్టి పటం మీద ఒక చుక్కగా చూపుతుంది. రాకెట్టు ముందుకు పోయేకొద్దీ ఆ చుక్క సముద్రం మీద జరుగుతూ పోతుంది. అది జనావాసాల వైపు తిరిగితే వెంటనే రాకెట్టును ధ్వంసం చేయవలెను. ప్రయోగానికి ముందే మత్స్యకారులను ఆ సముద్ర భాగంలోకి పోవద్దని హెచ్చరిస్తారు. అయినా రాకెట్టు దారి తప్పితే ఆ హద్దు హద్దుగా నిలవదు.

సెకండుకు ఒక కి.మీ. వేగంతో పోయే రాకెట్టు బొమ్మ తెరకు రెండు సెకండ్లు ఆలస్యంగా వచ్చినదనుకొందాం. అధికారి చూస్తున్న చుక్కకూ అసలు రాకెట్టుకూ రెండు కి.మీ. తేడా ఏర్పడుతుంది. కాబట్టి ‘బొమ్మ కనబడుతున్నది గదా’ అని సంతృప్తి పడడానికి వీలులేదు. అది ఎప్పటి బొమ్మ అన్నదే అసలు ప్రశ్న.

చుక్కల లెక్క

కంప్యూటరు తెర మీది బొమ్మ ముగ్గువలె చుక్కలతో ఏర్పడినది. ఈ చుక్కలను పిక్సెళ్లు అంటారు. ఈనాడు సాధారణంగా వాడే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అనగా మొత్తం 20 లక్షల 73 వేల 600 చుక్కలు. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఎంతెంత పాళ్లలో ఉండాలో చెప్పడానికి ఒక్కొక్క రంగుకు 8 బిట్లు చొప్పున 24 బిట్లు కావాలి. బిట్ అనగా సున్నా గాని ఒకటి గాని అయిన ఒక గుర్తు. ఒక పూర్తి బొమ్మకు 4 కోట్ల 97 లక్షల 66 వేల 400 బిట్లు అవుతాయి.

ఈ బొమ్మను కంప్యూటరు తన మెమొరీలో ఒక ప్రత్యేక భాగంలో నిలువ ఉంచుకొని, సెకండుకు 60 మారులు తెరకు పంపుతుంది. అప్పుడు సెకండుకు సుమారు 298 కోట్ల 60 లక్షల బిట్లు ప్రవహించాలి. తెర పక్కనే ఉన్నప్పుడు మూరెడు పొడవు గల తీగ ఈ ప్రవాహాన్ని సులభంగా మోయగలదు. తెర దూరాన ఉండి, నడుమ సెకండుకు 10 కోట్ల బిట్లు మాత్రమే పోగల నెట్‌వర్కు ఉన్నట్లయితే? మోయవలసిన భారం మోయగల శక్తికి 30 రెట్లు అయినది. పైగా ఆ నెట్‌వర్కు ఒక్క తెర కోసమే ఏర్పడినది కాదు.

కాబట్టి ఉన్న బొమ్మను ఉన్నట్లుగా పంపడం సాధారణంగా సాగదు. భారాన్ని తగ్గించడానికి రెండు మార్గాలు ఉన్నవి.

రెండు మార్గాలు

పక్క ఊరిలోని చెల్లెలికి ఒక ముగ్గు పంపాలని అక్క అనుకున్నది. కాగితం మీద ముగ్గంతా వేసి పంపవచ్చును. లేదా ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు’ అని ఒక్క ముక్క రాసి, చుక్కలను కలిపే పద్ధతి చెప్పవచ్చును. రెండవ పద్ధతిలో చీటీ చిన్నది. కాని చెల్లెలికి ముగ్గు వేయడం వచ్చి ఉండాలి. దూరపు తెరల సంగతీ ఇంతే. బొమ్మనే పంపడం ఒక మార్గం. బొమ్మ గీయడానికి కావలసిన సమాచారాన్ని పంపి, గీసే పనిని అవతలి యంత్రానికి అప్పగించడం రెండవ మార్గం.

మొదటి మార్గానికి అపోలో యాత్రల కాలం నాటి హ్యూస్టన్ నియంత్రణ కేంద్రం ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆనాడు ప్రతి బల్లకు ఒక కంప్యూటరును ఇచ్చే స్తోమత ఎవరికీ లేదు. కంప్యూటరు ఇచ్చిన అంకెలను, ముందుగా తయారుచేసిన పట్టికల స్లైడులతో కలిపి, టెలివిజన్ బొమ్మగా మార్చి, తీగల ద్వారా బల్లలకు పంపేవారు. తనకు కావలసిన బొమ్మను అధికారి టెలివిజన్ ఛానెలువలె ఎన్నుకొనేవాడు.

రెండవ మార్గంలో 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పుట్టిన ఎక్స్ విండో విధానం ముఖ్యమైనది. ఇందులో కార్యక్రమం ఒక యంత్రంలో నడుస్తుంది. ‘ఇక్కడ గీత గీయి, అక్కడ అక్షరం వేయి’ అన్న ఆదేశాలు నెట్‌వర్కు మీద పోతాయి. దూరాన ఉన్న యంత్రం వాటిని తన తెరపై అమలు జరుపుతుంది. 1998లో కేంబ్రిడ్జిలోని ఒక పరిశోధనశాల వెలువరించిన వి.ఎన్.సి. అనే విధానం తిరిగి మొదటి మార్గాన్నే పట్టినది. అయితే అది బొమ్మనంతా మాటిమాటికీ పంపదు. తెరను దీర్ఘచతురస్రపు ముక్కలుగా చూసి, మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది. ఒకడు తెర మీద వ్యాసం రాస్తున్నప్పుడు, మారేది ఒక్కొక్క అక్షరం ఉన్న చోటు మాత్రమే గదా.

రాకెట్టు గమనాన్ని చూపే బొమ్మకు రెండవ మార్గం ఎంత లాభమో లెక్క వేసి చూడవచ్చును. ప్రయోగం నాటి టెలివిజన్ ప్రసారాలలో రెండు గీతలు చూపడం చాలామంది చూసి ఉంటారు. ముందుగా అనుకున్న మార్గం ఒకటి. రాకెట్టు నిజంగా పోతున్న మార్గం ఇంకొకటి. మొదటి గీతను, పటాన్ని, పట్టికలను దూరపు యంత్రంలో ముందే దాచిపెట్టవచ్చును. ఇక పంపవలసినవి కొత్త కొలతలు మాత్రమే. పది కొలతలు, ఒక్కొక్కటి 32 బిట్లు, సెకండుకు పదిమారులు అనుకొంటే మొత్తం 3,200 బిట్లు. పూర్తి బొమ్మ పంపడానికి కావలసినది దీనికి సుమారు 9 లక్షల 33 వేల రెట్లు!

రాకెట్టు లేస్తున్న దృశ్యాన్ని మాత్రం ఇట్లా పంపడం సాధ్యం కాదు. నిప్పునూ పొగనూ ఏ పది అంకెలలోనూ ఇమడ్చలేము. అక్కడ బొమ్మనే పంపాలి. అయితే కుదించి పంపాలి. మొదట ఒక పూర్తి బొమ్మ, ఆ తరువాత ఒక్కొక్క బొమ్మలో కలిగిన మార్పు మాత్రం, మళ్లీ కొంతసేపటికి ఒక పూర్తి బొమ్మ, ఈ వరుసలో పంపుతారు. 2003లో ప్రమాణంగా ఏర్పడిన హెచ్.264 అనే కుదింపు పద్ధతి ఇటువంటిదే. దీనితో పైన చెప్పిన మహాప్రవాహం నూరవ వంతుకో, అంతకన్న తక్కువకో దిగివస్తుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం కాలం. కుదించడానికి ఇక్కడ కొంతసేపు, విప్పడానికి అక్కడ కొంతసేపు పడుతుంది.

పొట్లాల ప్రయాణం

నెట్‌వర్కు మీద సమాచారం ఒకే ధారగా పోదు. దానిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కొక్క దాని మీద చిరునామా రాసి పంపుతారు. వీటికి ప్యాకెట్లని పేరు. దారిలో రద్దీ ఎక్కువైతే కొన్ని పొట్లాలు ఆలస్యమవుతాయి. కొన్ని పోతాయి కూడ.

వీటిని పంపడంలో రెండు ఆచారాలు ఉన్నవి. మొదటిది రసీదు పుచ్చుకొనే పద్ధతి. అందినదని అవతలి నుంచి జవాబు రాకపోతే ఆ పొట్లాన్ని మళ్లీ పంపుతారు. ఏదీ పోదు; కాని పోయిన దానికోసం వెనుకవన్నీ నిలబడతాయి. రెండవది రసీదు లేని పద్ధతి. పోయినది పోయినట్లే, తరువాతిది ముందుకు సాగుతుంది. పరీక్షా ఫలితాల పట్టిక పంపడానికి మొదటిదే మేలు. కదిలే రాకెట్టు స్థానాన్ని పంపడానికి రెండవది మేలు కావచ్చును. ఏలయనగా, పదవ వంతు సెకండులో కొత్త కొలత రానే వస్తున్నది. పాత కొలత మళ్లీ వచ్చినా ప్రయోజనం లేదు.

తెరలు అనేకమైనప్పుడు ఇంకొక సమస్య వస్తుంది. నూరు తెరలకు నూరు ప్రతులు పంపితే పంపే కంప్యూటరు అలసిపోతుంది. ఇంటింటికీ ఉత్తరం రాయడానికి బదులు వీధిలో దండోరా వేసినట్లు, ఒకే ప్రతిని నెట్‌వర్కులోకి విడిచి, దారులు చీలినచోట మాత్రమే దానికి నకళ్లు తీసే పద్ధతి ఉన్నది. వినదలచిన యంత్రాలు వింటాయి. తెర ఒకటైనా, నూరైనా పంపేవాని శ్రమ ఒకటే.

ఆలస్యం ఎక్కడ?

దూరం వల్లనే ఆలస్యమని సాధారణంగా అనుకొంటారు. లెక్క చూస్తే అట్లా తోచదు. గాజు పోగులో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కి.మీ. పోతుంది. 100 కి.మీ. పోవడానికి దానికి పట్టేది సెకండులో రెండువేలవ వంతు. భూమికి దాదాపు 36 వేల కి.మీ. ఎత్తున ఉన్న సమాచార ఉపగ్రహం ద్వారా పంపితే మాత్రం, పైకి పోయి కిందికి రావడానికి సుమారు పావు సెకండు పడుతుంది.

మిగిలిన ఆలస్యమంతా యంత్రాలలో పుట్టినదే. కెమెరా సెకండుకు 30 బొమ్మలు తీస్తే ఒక్కొక్క బొమ్మకు 33 మిల్లీసెకండ్లు గడుస్తాయి. ఆ తరువాత కుదింపు, విప్పడం. తెర కూడ తన వంతు వచ్చే వరకు, అనగా 16 లేక 17 మిల్లీసెకండ్ల వరకు ఆగవచ్చును. వీటన్నిటికన్న పెద్దది నిలువ తొట్టి. పొట్లాలు ఒకమారు తొందరగా, ఒకమారు నెమ్మదిగా వస్తాయి గనుక, బొమ్మ ఆగి ఆగి కదలకుండా ఉండడానికి వాటిని ముందు కొంత పోగుచేసి, అప్పుడు వరుసగా చూపుతారు. చెరువు నిండి ఉంటే కాలువ నీరు సమంగా పారినట్లే ఇది. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే ప్రత్యక్ష ప్రసారాలలో ఈ తొట్టి ఎన్నో సెకండ్ల కాలాన్ని మింగుతుంది. శ్రీహరికోట సమీపాన ఉన్నవాడు రాకెట్టును కంటితో చూసిన తరువాత గాని, చేతి ఫోనులో అదే దృశ్యం కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఆలస్యం కన్న అపాయకరమైనది మరొకటి ఉన్నది. నెట్‌వర్కు తెగిపోయినప్పుడు తెర నల్లబడితే మంచిదే. చూసేవానికి సంగతి తెలుస్తుంది. కాని ఆఖరున వచ్చిన బొమ్మ అట్లాగే నిలిచిపోతే, అంతా సక్రమంగా ఉన్నదనే భ్రమ కలుగుతుంది. అందుచేత ప్రాణాలతో ముడిపడిన తెరలను రూపొందించేటప్పుడు ప్రతి కొలతతోపాటు అది పుట్టిన కాలాన్ని కూడ పంపడం, అన్ని యంత్రాల గడియారాలను సరిపోల్చి ఉంచడం, నియమిత కాలంలో కొత్త కొలత రాకపోతే ఆ అంకె రంగు మార్చడం, ఒక దారి తెగినా రెండవ దారి ఉండేటట్లు చూడడం ముఖ్య సూత్రాలు.

ఒకే తీరం, మూడు తెరలు

ఈ సూత్రాలన్నీ ఈ తీరంలో మూడు తెరల మీద పోల్చి చూడవచ్చును. భద్రతాధికారి తెరకు కావలసినది తాజాతనం. బొమ్మ అందంగా లేకపోయినా చిక్కు లేదు. అంకె మాత్రం ఈ క్షణానిది కావాలి.

రెండవది ప్రేక్షకుల తెర. 2019లో శ్రీహరికోటలో ప్రజలు కూర్చొని ప్రయోగాన్ని చూడడానికి ఒక గ్యాలరీ తెరిచారు. అక్కడి పెద్ద తెర మీద కౌంట్‌డౌనూ, మబ్బు చాటున సాగే ప్రయాణమూ కనిపిస్తాయి. ఇక్కడ బొమ్మ స్పష్టంగా, ఆటంకం లేకుండా ఉండాలి. రెండు మూడు సెకండ్ల ఆలస్యం వల్ల నష్టం లేదు. నిజానికి రాకెట్టు గర్జన కూడ ప్రతి కి.మీ.కు సుమారు 3 సెకండ్ల చొప్పున ఆలస్యంగానే చెవికి చేరుతుంది.

మూడవది తుపాను తెర. శ్రీహరికోటలో ఒక డాప్లర్ వాతావరణ రాడారు ఉన్నది. 1984 నవంబరులో ఈ ప్రాంతంలోనే తీరం దాటిన తుపానును పెద్దలు మరచిపోలేదు. ఈనాడు తుపాను సుడి రాడారు బొమ్మగా కొన్ని నిమిషాలకొకసారి తయారై, నెట్‌వర్కు ద్వారా వాతావరణ కార్యాలయాలకే గాక సామాన్యుల ఫోన్లకు కూడ చేరుతున్నది. తుపాను గంటకు కొద్ది కి.మీ. మాత్రమే జరుగుతుంది గనుక, నిమిషాల ఆలస్యం ఇక్కడ బాధించదు. బొమ్మ పూర్తిగా, తప్పు లేకుండా అందడం ముఖ్యం. కాబట్టి రసీదు పుచ్చుకొనే పద్ధతే దీనికి తగినది.

చూసేవాడు ఎంతసేపు ఆగగలడు, దేనిని పోగొట్టుకోగలడు అన్నదానిని బట్టి మార్గాన్ని నిర్ణయించాలి. అన్నిటికీ మేలైన పద్ధతి అంటూ ఒకటి లేదు.

తరగతి గదిలో

ఇదే విధానం నేడు బడులలోకి కూడ వచ్చినది. ఉపాధ్యాయుని కంప్యూటరులోని పాఠాన్ని తీగ లేకుండానే గోడ మీది పెద్ద తెరకు పంపవచ్చును. ఇందుకు పనికివచ్చే మిరాకాస్ట్ అనే ప్రమాణం 2012లో వెలువడినది. రెండవ తెరను రెండు విధాలుగా వాడవచ్చును. ఉన్న బొమ్మనే అక్కడ కూడ చూపడం ఒకటి. బల్లకు మరొక బల్ల చేర్చి వెడల్పు చేసినట్లు, రెండవ తెరను మొదటిదానికి పొడిగింపుగా వాడడం ఇంకొకటి. పొడిగించినప్పుడు కంప్యూటరు, లేని తెరను ఉన్నట్లు భావించి, దానికొక బొమ్మను మెమొరీలో తయారుచేస్తుంది. దానిని కుదించి నెట్‌వర్కులోకి పంపుతుంది. ఉపాధ్యాయుడు తన తెరపై జవాబులు ఉంచుకొని, పిల్లల తెరపై ప్రశ్నలు మాత్రమే చూపవచ్చును.

ఆలస్యాన్ని కొలిచే చిన్న ప్రయోగం ఒకటి విద్యార్థులు చేయవచ్చును. ఒక ఫోనులో సెకండులో నూరవ వంతు వరకు చూపే స్టాప్‌వాచి నడపాలి. ఆ ఫోను తెరను నెట్‌వర్కు ద్వారా పెద్ద తెరకు పంపాలి. ఫోనును పెద్ద తెర పక్కనే పట్టుకొని, వేరొక ఫోనుతో రెండూ కనిపించేటట్లు ఫొటో తీయాలి. ఫొటోలోని రెండు అంకెల తేడాయే ఆలస్యం. పదిమారులు తీసి సగటు కట్టాలి. తెర సెకండుకు 60 మారులే మారుతుంది గనుక, 0.02 సెకండు కన్న చిన్న తేడాలను లెక్కలోనికి తీసుకొనకూడదు. తరువాత తీగతో కలిపి ఒకమారు, తీగ లేకుండా ఒకమారు, అదే నెట్‌వర్కు మీద వేరొకరు సినిమా చూస్తుండగా ఒకమారు కొలిచి, ఫలితాలను పట్టికగా రాయాలి.

వచ్చిన సగటు 0.2 సెకండు అనుకొందాం. పాఠం చెప్పడానికి అది లెక్కలోనిది కాదు. సెకండుకు ఒక కి.మీ. పోయే రాకెట్టు ఆ వ్యవధిలో 200 మీటర్లు పోతుంది. తాము కొలిచిన అంకె ఏ పనికి చాలునో, ఏ పనికి చాలదో విద్యార్థులు ఎవరికి వారే లెక్క వేసి చెప్పగలిగితే ఈ పాఠం వారికి పట్టుబడినట్లే.